ముగ్గురాయి బరువు

"కూర్చోమని నేననలేనండి. ఆ మాట అనాల్సిన మనిషి బందరు సబ్‌జైల్లో ఉన్నాడు," అంది సరోజ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

దైవాధీనం చెప్పులు విడవలేదు. విడిస్తే లోపలికి రమ్మనేదాకా కాచుకోవాలి. ఆమె రమ్మనదని అతనికి తెలుసు. చేతిలోని గుడ్డసంచి బరువుకి వేళ్లు లాగుతున్నాయి. పొద్దున తొమ్మిదీ పదయింది. పులిగడ్డ లాకు తలుపులు ఎత్తి దించే లస్కరుకి సర్కారువారిచ్చిన రెండు గదుల పెంకుటిల్లు అది. పదమూడు రోజుల కిందట ఈ ఇంటిముందే నిలబడి అతను ఒక మాట అన్నాడు. ఆ మాటతోనే ఈమె భర్త, లస్కరు ఇస్సాకు చేతులకి బేడీలు పడ్డాయి.

ఆ రోజు తెల్లవారి ఆరింటికి లాకు తలుపుకి తగులుకుని ఒక శవం తేలింది. చనిపోయినవాడు రత్నరాజు, అవనిగడ్డ ఎరువుల డిపోలో గుమస్తా. తల వెనక దెబ్బ. నడుముకి తాడు, తాడుకి గోనెసంచి, సంచిలో ఆరు రాళ్లు. ముడి కాస్త జారబట్టి శవం పైకి వచ్చిందిగాని, లేకపోతే కాలవ అడుగునే ఉండిపోయేది. శవాన్ని మొదట చూసి కేకలు వేసింది ఇస్సాకే. డిపో యజమాని నాంచారయ్యది గుడివాడ. తన గుమస్తాని చంపినవాణ్ణి పట్టుకుతీరాలని బందరుకి కారు పంపి మరీ డిటెక్టివ్ దైవాధీనాన్ని రప్పించాడు.

దైవాధీనం జియాలజీలో బి.యస్సీ. చదివాడు. రెండేళ్లు సర్వే పార్టీలతో కొండలూ గుట్టలూ తిరిగాడు. ఆ సంగతి అతను ఎవరికైనా మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పేవాడు. ఆ రోజు నాంచారయ్య బురదోడుతున్న రాయి ఒకటి పైకెత్తి, "ఈ లాకు పక్కన పోసిన కుప్పలోవేనా సార్, ఇవి?" అని అడిగాడు. చుట్టూ నలభైమంది జనం. దైవాధీనం రాయిని ముట్టుకోనైనా లేదు. "కుప్పలోవే. బెజవాడ కొండరాయి. ఈ దివిసీమలో కుక్కని కొట్టడానికి ఇంకో రాయి ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు. జనం నవ్వారు. శవం పక్కనే నిలబడి నవ్వారు. ఆ కుప్పకి కాపలాదారు ఇస్సాకు. ముందురోజు సాయంత్రం రత్నరాజు ఇస్సాకుతో మాట్లాడుతుండగా చూసినవాళ్లున్నారు. ఇన్‌స్పెక్టరుకి అంతకంటే అక్కర్లేకపోయింది. దైవాధీనం తన మాటని కాగితం మీద కూడా రాసి సంతకం చేశాడు.

పైగా కేసు గుర్తుగా ఉంటుందని రాళ్లలో చిన్నదాన్ని రశీదు రాసిచ్చి, బంట్రోతు చేత పట్టించి తెచ్చుకున్నాడు. తన పేరు పడ్డ పత్రిక ముక్క ఎగిరిపోకుండా దాన్నే బల్లమీద పెట్టించాడు. నిన్న పొద్దున కాగితాలు సర్దుతూ రెండు వేళ్లతో ఎత్తబోయాడు. రాయి లేవలేదు. గుప్పిట నిండా పట్టి ఎత్తి, అరచేతిలో ఆడించి చూశాడు. ఇంత చిన్న కొండరాయి అంత బరువు ఉండకూడదు.

"రెండు సంగతులు అడిగి వెళ్తాను, సరోజమ్మా."

"ఆవేళా అడగడానికే వచ్చారు. నేను చెప్పేలోగానే మీరు తేల్చేశారు." ఆమె గొంతు పెంచలేదు. "మా అత్త పోయిన మంగళవారం పోయింది. కొడుకు చేత గుప్పెడు మట్టి వేయించుకోకుండానే పోయింది. పాస్టరు గారు అర్జీ పెట్టారు, పంపలేదు. ఇప్పుడు అడగండి, ఏం అడుగుతారో."

దైవాధీనానికి ఆ సంగతి తెలియదు. మంగళవారం తను ఏం చేస్తున్నాడో గుర్తొచ్చింది. బందరు క్లబ్బులో ఇదే కేసు కథగా చెబుతున్నాడు. గుడ్డసంచి రెండో చేతికి మార్చుకున్నాడు.

"ముందు ఆ కుప్ప చూపించమ్మా," అన్నాడు చివరికి.

"ఆవేళ చూడలేదా మీరు?"

"దూరం నించి చూశాను."

సరోజ ముందు నడిచింది. కాలవగట్టు మీద నడుమెత్తున, పలకలా చదునుగా పేర్చిన నీలంబూడిద రాళ్ల కుప్ప అది. గట్టు కోసుకుపోకుండా వేయడానికి బెజవాడ నించి తెప్పించింది. నాలుగు అంచుల వెంబడీ సున్నం గీత తెల్లగా ఉంది.

"ఇదేంటో తెలుసాండీ? ఓవర్సీరు గారు కొలతేసి సున్నం కొట్టించారు. ఒక్క రాయి లాగినా పైది కుంగుద్ది, గీత తెగిపోద్ది. కొలతేసింది ఆ హత్యకి ముందురోజు. ఇప్పటిదాకా వాన చుక్క లేదు. ఎక్కడ తెగిందో చూసుకోండి."

దైవాధీనం కుప్పచుట్టూ తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని మరోసారి తిరిగాడు. గీత ఎక్కడా తెగలేదు. ఈ కుప్పలోంచి ఆరు రాళ్లు కాదు, ఒక్కటీ పోలేదు. ఇది కనిపెట్టడానికి ఏ చదువూ అక్కర్లేదు, పదిహేను అడుగులు నడిస్తే చాలు. ఆ పదిహేను అడుగులే అతను నడవలేదు.

కుప్పకి అవతల విడిగా పడున్న రాయి ముక్క ఒకటి ఏరుకుని ఇంటిముందుకి తిరిగి వచ్చాడు. సంచిలోంచి తన రాయి తీశాడు. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం. కాలవ బురద ఎండి అంటుకుని తన రాయీ బూడిదరంగుగానే ఉంది.

"ఒకసారి ఇవి పట్టుకుని చూడమ్మా."

సరోజ చెరో చేత్తో చెరోటీ అందుకుంది. సంచిలోంచి తీసిన రాయి ఉన్న కుడిచెయ్యి కిందికి దిగింది. ఆమె మొహం ఎత్తి అతని వంక చూసింది.

"ఈ రెండూ ఒకటే రాయని చెప్పిందెవరండీ?"

"నేనే."

"పట్టుకుని చూసే చెప్పారా?"

"లేదు," అన్నాడు దైవాధీనం. ఆ ఒక్క మాటకీ అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె అరుగు మీద రాళ్లు పెట్టి, ఒక పక్కకి తప్పుకుంది. అతను అరుగు అంచున కూర్చుని, పదమూడు రోజుల కిందట చెయ్యవలసిన పని మొదలుపెట్టాడు.

మొదట గోరుతో గీశాడు. రెండు రాళ్ల మీదా గీత పడలేదు. పాత రాగి కాణీతో గీస్తే కుప్పరాయికి ఏమీ కాలేదు. సంచిరాయి మీద పడీపడనట్టు సన్నటి చార పడింది. జేబులోంచి చాకు తీశాడు. కుప్పరాయి మీద చాకు జారిపోయి, రాయి మీదే ఇనుపగీత మిగిలింది. సంచిరాయి మీద చాకు దిగి, తెల్లటి పొడి రాలింది. కుప్పరాయి గాజుపెంకుని గీసింది, సంచిరాయి గీయలేకపోయింది.

"పగిలిన పింగాణీ కప్పు ఏదైనా ఉందా?"

సరోజ లోపలి నించి సాసరు పెంకు ఒకటి తెచ్చింది. అడుగున, మెరుపుపూత లేని గరుకుచోట సంచిరాయిని రుద్దాడు. సుద్దముక్కలా తెల్లటి గీత పడింది. పగిలినచోట చూస్తే రాయి పలకలు పలకలుగా విడి, ముత్యపుచిప్పలా తళుక్కుమంటోంది.

"సున్నపురాయా?" అంది సరోజ. అడగకూడదనుకున్నా అడిగింది.

"అదీ చూద్దాం. నిమ్మచెక్క ఉందా?"

రాలిన పొడి మీద నిమ్మరసం పిండాడు. సున్నపురాయైతే బుసబుసా పొంగాలి. పొడి పొంగలేదు, కదలలేదు.

"ఇది ముగ్గురాయమ్మా. కడపవైపు గనుల్లో దొరుకుతుంది. మెత్తగా గీసుకుంటుంది, తెల్లగా ఉంటుంది, ఇనుముకి తమ్ముడంత బరువుంటుంది. అక్కడ దంచి ముగ్గు వేస్తారు. మనవైపు రంగుల కంపెనీలకి మిల్లాడించి పంపుతారు. ఈ లంకల్లో ఇది పుట్టదు. ఎవరో తెస్తేనే రావాలి."

ఆమె ఆ తెల్లగీతని వేలితో తుడిచి చూసింది. తర్వాత, "రెండు సంగతులన్నారు. రెండోది అడగండి," అంది.

"రత్నరాజు ఆ సాయంత్రం ఎన్నింటికి వచ్చాడు?"

"ఆరింటికి. ఆరూ ఇరవైకి సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఏడింటికి ధాన్యం పడవొస్తే మా ఆయన లాకు తలుపులు ఎత్తాడు. ఎనిమిదిన్నర దాకా ఆ పనే."

"డాక్టరు ఏడుకీ ఎనిమిదికీ మధ్య ప్రాణం పోయిందన్నాడు. ఇది పోలీసులకి చెప్పారా?"

"అడిగితేగా చెప్పడానికి."

"రత్నరాజు ఏం మాట్లాడాడు?"

సరోజ లాకు వైపూ, రోడ్డు వైపూ చూసింది. "ఎరువు నీళ్లల్లో కరగట్లేదన్నాడు. మొవ్వ రైతులు చేలల్లో చల్లితే పైరు పచ్చబడలేదని డిపో మీదికి వచ్చారంట. పొద్దున్నే బందరెళ్లి వ్యవసాయం ఆఫీసులో చూపిస్తానన్నాడు. ఒక పొట్లం మా ఆయన చేతికిచ్చి, ఇది దాచు ఇస్సాకూ, నా దగ్గరుంటే ఉండనియ్యరు, అన్నాడు."

"ఎవరు ఉండనియ్యరని?"

"ఆ పేరు చెప్పలేదు."

పొట్లం ఎక్కడుందని అతను అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనిపించింది. ఆమే లోపలికి వెళ్లి, కాగితంలో కట్టిన పొట్లమూ, గాజుగ్లాసుతో నీళ్లూ తెచ్చింది. పొట్లం మాత్రం అతని చేతికివ్వలేదు. తనే విప్పి, చెంచాడు ఎరువు గ్లాసులో వేసి కలిపింది. పంచదారలా ఉన్న పలుకులు కరిగిపోయాయి. కానీ గ్లాసు అడుగున గోరంత మందాన తెల్లటి పిండి దిగి పేరుకుంది. ఎంత కలిపినా పైకి లేచి, మళ్లీ బరువుగా కిందికే దిగింది.

అమ్మోనియా ఎరువులో ముగ్గురాయి పొడి. తూకానికి తూకం, రంగుకి రంగు.

దైవాధీనానికి గుడివాడలో నాంచారయ్య ఆఫీసు కళ్లముందుకి వచ్చింది. ఇస్సాకుని పట్టుకెళ్లిన మర్నాడు ఫీజుకని వెళ్లి అక్కడే కాఫీ తాగాడు. పక్క షెడ్డులో మిల్లు ఆడుతోంది. ఆవరణలో తెల్లటి రాళ్లు గుట్టగా పోసున్నాయి. బయటికి వచ్చాక చెప్పులకంటిన తెల్లదుమ్ము రుమాలుతో తుడుచుకున్నాడు. అదేమిటని అడగలేదు. తన పొగడ్తలు వినడంలో మునిగిపోయి ఉన్నాడు.

"పొట్లం మళ్లీ దాచెయ్యమ్మా. ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దు."

"మీకే ఇవ్వలేదుగా," అంది సరోజ.

*

అవనిగడ్డ పోలీసు స్టేషను చేరేసరికి పన్నెండున్నర. సర్కిల్ ఇన్‌స్పెక్టరు సీతారామాంజనేయులు భోజనానికి లేవబోతున్నవాడల్లా అతన్ని చూసి కూర్చున్నాడు. పరాయి ఊరి డిటెక్టివ్ పేరు పత్రికలో తన పేరుకంటే ముందు పడిన దగ్గర్నించీ ఆయనకి దైవాధీనమంటే గిట్టదు.

"రండి డిటెక్టివ్ గారూ. రేపు చార్జిషీటు పెడుతున్నాను. మొదటి సాక్షి మీరే."

"ఆ సాక్ష్యం వెనక్కి తీసుకోవడానికే వచ్చానండీ."

దైవాధీనం సంచిలోంచి రెండు రాళ్లూ, కొక్కెం త్రాసూ తీశాడు. బకెట్టుతో నీళ్లు తెప్పించాడు. సంచిరాయి గాలిలో తొంభై తులాలు తూగింది. తాడుకట్టి నీళ్లలో ముంచి తూస్తే డెబ్భై. కుప్పరాయి గాలిలో యాభైనాలుగు, నీళ్లలో ముప్ఫైనాలుగు.

"నీళ్లలో రెండూ తగ్గింది ఇరవై తులాలే. అంటే రెండూ ఒకే పరిమాణం. అయినా ఇది నీళ్లకి నాలుగున్నర రెట్లు బరువు, అది మూడు రెట్లు కూడా లేదు. దీన్ని చాకు గీస్తుంది, దాన్ని గీయదు. ఇవి రెండు వేరువేరు రాళ్లు. ఇస్సాకు కుప్పలోంచి ఏదీ పోలేదు."

సీతారామాంజనేయులు తాపీగా వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. "బావుంది. మరి ఆవేళ ఇది కుప్పలో రాయన్నదెవరు?"

"నేనే."

"రాసి సంతకం పెట్టింది?"

"నేనే."

"చూసి చెప్పారా, చూడకుండా చెప్పారా?"

"చూశాను. గీసి చూడలేదు. చేత్తో పట్టుకోనైనా లేదు."

గది గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి వింటున్నారు. ఇన్‌స్పెక్టరు వాళ్లని వెళ్లమనలేదు.

"పదమూడు రోజుల కిందట మీ మాట నమ్మి ఒకణ్ణి లోపల వేశాను. ఇవాళ మీ మాట నమ్మి వదిలెయ్యాలి. రేపు ఇంకో మాటంటారు. ఎందుకు నమ్మాలండీ మిమ్మల్ని?"

"నమ్మొద్దు. నా మాట నమ్మడం వల్లే ఇంత జరిగింది," అన్నాడు దైవాధీనం. "రాయిని నమ్మండి. మీ దగ్గర ఇంకా అయిదున్నాయి. తెప్పించండి."

ఇన్‌స్పెక్టరు "లక్ష్మయ్యా," అని పిలిచాడు. హెడ్ కానిస్టేబుల్ లక్ష్మయ్య గోనెసంచి మోసుకొచ్చి సీలు విప్పాడు. అయిదు రాళ్లు బల్లమీదికి వచ్చాయి. దైవాధీనం మొదటిదాని మీద చాకు పెట్టి నొక్కాడు.

చాకు జారిపోయింది.

రెండోదాని మీదా అంతే. అయిదూ నీలంబూడిద రంగు కొండరాళ్లు.

సీతారామాంజనేయులు నవ్వాడు. "చూశారా. నా దగ్గరున్నవన్నీ కాలవ రాళ్లే. మారిందల్లా మీ ఇంటికి వెళ్లిన రాయొక్కటే. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి."

దైవాధీనం అయిదింటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూశాడు. తర్వాత అడిగాడు. "శవం దొరికిన రోజు పంచనామాలో రాళ్ల బరువు రాయించారా?"

"రాయించకుండా ఎలా ఉంటాం?" ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పాడు. "ఆరు రాళ్లు. మొత్తం పదమూడు వీశెలు."

"నా దగ్గరిది తొంభై తులాలు, అంటే ముప్పావు వీశె. మిగిలిన అయిదూ పన్నెండు పైచిలుకు తూగాలి. తూయించండి."

లక్ష్మయ్య పక్క కొట్లోంచి పెద్ద త్రాసు తెచ్చాడు. అయిదు రాళ్లూ కలిసి ఏడున్నర వీశెలు కూడా తూగలేదు. మళ్లీ తూచాడు. అంతే వచ్చింది.

"ఎండితే రాయి బరువు తగ్గదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఎండితే అయిదు వీశెలు తగ్గదండి. పరిమాణం చూసి, అచ్చం అంతంత రాళ్లే తెచ్చి పెట్టారు. తూకం మాత్రం పెట్టలేకపోయారు. ఈ సంచి స్టేషను దాటి బయటికి వెళ్లిందా?"

లక్ష్మయ్య రిజిస్టరు తెరిచాడు. "మొన్న పదకొండుంబావుకి నాంచారయ్య గారు వచ్చారండి. రాళ్లు కడిగి ఫోటో తీయించాలని డిటెక్టివ్ గారే ఉత్తరం రాసిచ్చారన్నారు. కారులో పట్టికెళ్లి గంటలో తెచ్చేశారు. సీలు మళ్లీ నేనే వేశానండి. ఉత్తరం ఉంది."

రిజిస్టరులో అంటించిన ఆ కాగితాన్ని దైవాధీనం చూశాడు. తన పేరు అచ్చయిన కాగితమే. కింద ఉన్నది తన సంతకమే. పైన టైపు చేసిన నాలుగు ముక్కలు మాత్రం తనవి కావు.

"దొంగ సంతకమా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదు. నాదే. నాంచారయ్యే, మీరు బందర్లో, నేను గుడివాడలో, ప్రతిదానికీ మిమ్మల్ని శ్రమపెట్టడమెందుకని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగాడు. పెట్టిచ్చాను."

అప్పుడు దైవాధీనానికి మొత్తం అర్థమైంది. గుమస్తాని చంపినవాణ్ణి పట్టుకోవడానికి నాంచారయ్య అతన్ని పిలవలేదు. దివిసీమలో రాయి దొరక్క తన మిల్లుకి పోయే రాళ్లే శవానికి కట్టాడు. వాటిని చూసి తేలిగ్గా కుప్పరాళ్లని అనేవాడు, ఆ మాట జనం చేత నమ్మించగలవాడు ఒకడు కావాలి. బందరంతా వెతికి, తన గొప్ప తను చెప్పుకునేవాణ్ణి ఏరుకున్నాడు. ఏరుకోవడంలో పొరపడలేదు.

"కాగితం ఇవ్వండి," అన్నాడు. నిలబడే రాశాడు. ఫలానా తేదీన తానిచ్చిన వాఙ్మూలం పరీక్షించకుండా ఇచ్చినదని, అబద్ధమని, దానికి బాధ్యుడు తానేనని రాసి, కింద సంతకం చేశాడు. ఈసారి రాసినది రెండుసార్లు చదువుకుని చేశాడు.

సీతారామాంజనేయులు ఆ కాగితం చదివి మడిచాడు. ఆయన గొంతు మారింది. "దైవాధీనం గారూ, ఒక మాట. ఇందాక పదకొండున్నరకి నాంచారయ్య ఇక్కడికి వచ్చాడు. మీరు బస్సు దిగి లాకు వైపు నడుస్తుంటే లక్ష్మయ్య చూశాట్ట. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను."

*

జీపు లాకు దగ్గర ఆగేసరికి ఒంటిగంటా ఇరవై. ఇంటిముందు కారు చక్రాల అచ్చులు తాజాగా ఉన్నాయి. తలుపు తీసే ఉంది. లోపల బియ్యం డబ్బా, ట్రంకుపెట్టె, చనిపోయిన ముసలావిడ బట్టల మూట, అన్నీ నేల మీద బోర్లించి ఉన్నాయి. సరోజ గోడకానుకుని నిలబడి ఉంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది.

"పొట్లం?" అన్నాడు దైవాధీనం.

"ఉంది. వాళ్లకి దొరకలేదు." ఆమె రొప్పుతూ మాట్లాడింది. "ముందు మర్యాదగానే అడిగాడు. మీరే పంపారంట. మీ పేరున్న కాగితం చూపించాడు, కింద మీ సంతకం ఉంది. చదివాను. మీ సంతకం చూశాకే ఇవ్వకూడదనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. దైవాధీనం తిప్పుకోలేదు. ఆ మాట తనకి న్యాయంగా రావలసిందే.

"ఎన్ని కాగితాల మీద పెట్టిచ్చారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మూడు."

"స్టేషన్లో ఒకటి. ఇక్కడ ఒకటి."

సరోజ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "బందరెళ్తున్నానన్నాడండి. మూడింటికేనా జైల్లో చూడనిచ్చేది అని అడిగాడు. మా ఆయన్ని విడిపించడానికి డిటెక్టివ్ గారు కాగితం రాసిచ్చారు, వేలిముద్ర వేయిస్తే చాలు అన్నాడు."

వేలిముద్ర పడ్డాక ఆ కాగితం మీద నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంటుందని ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. బందరుకి టెలిఫోను లైను పొద్దుట్నించీ లేదు. చల్లపల్లి మీదుగా జీపులో ఎంత తోలినా గంటన్నర.

"వెయ్యడు," అన్నాడు దైవాధీనం, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఇస్సాకు ఎలా వేస్తాడు? తనని లోపల వేయించింది నేనేనని తెలుసుగా. నా పేరు చెబితే నువ్వే నమ్మలేదు."

"నేను నమ్మలేదండి," అంది సరోజ. "ఆదివారం చూడ్డానికెళ్తే మా ఆయనేమన్నాడో తెలుసా? తిట్టకే ఆయన్ని, చదువుకున్నోడు, పొరపాటు పడ్డాడు, తెలిశాక తనే వచ్చి విడిపిస్తాడు, అన్నాడు. రోజూ మీకోసమే చూస్తన్నాడంట. మీ పేరు చెప్పి ఏ కాగితం పెట్టినా ముద్రేస్తాడు."